ఆరో చరణం

మా రచయితల సంఘం ఏటా ఒక ముసలాయనకో ముసలావిడకో ఇత్తడి పెన్సిల్ ఇస్తుంది. డెబ్బై అయిదు దాటి ఉండాలి, సినిమాలు రాసి ఉండాలి, మధ్యాహ్నం విందుకి తనంతట తాను మూడంతస్తుల మెట్లెక్కి రాగలగాలి. ఆ మూడోది నిబంధనల్లో లేదు కానీ కోపెన్‌హాగన్‌లోని ఆ పాత భవనానికి లిఫ్టు లేదు కాబట్టి ఉన్నట్టే. నాకు ముందు తీసుకున్న ఇద్దరూ ఏడాది తిరక్కుండానే పోయారు. అందుకని నాకు ఇస్తున్నట్టు ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు. వీళ్లకి నా డాక్టరు ఏమైనా చెప్పాడా అని అనుమానం వచ్చింది.

ఫోన్ చేసింది సంఘం అధ్యక్షురాలు విబెకె. నలభై ఏళ్లుంటాయి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది.

“టోర్కిల్, ఏకగ్రీవం తెలుసా? ఒక్కళ్లు కూడా కాదన్లేదు. నువ్వింకేం రాయకపోయినా ఆ బూట్ల సీను ఒక్కదానికే ఇచ్చేసేవాళ్లం. మా అమ్మ ఇప్పటికీ ఆ సీనొస్తే లేచి వంటింట్లోకి పోద్ది.”

“పాపం, ఎందుకు?”

“ఏడవడానికి. ఇంకో మాట, ఎవరికీ చెప్పకు, నీకే చెప్పకూడదు అసలు. పాట ఎవర్తో రాయిస్తున్నామో తెలుసా? గుడ్రున్‌తో. నీ స్క్రిప్టులన్నీ టైపు చేసిందే, ఆ గుడ్రున్. ఆవిడ నంబరు పట్టుకోడానికి తల ప్రాణం తోకకొచ్చింది.”

నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక కూడా రిసీవర్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

పాట సంగతి మాకు మామూలే. మా దగ్గర ఎవరికి ఏభై నిండినా, పాతికేళ్ల పెళ్లిరోజైనా, ఉద్యోగ విరమణైనా ఎవరో ఒకరు పాట రాస్తారు. అందరికీ తెలిసిన వరసలో రాసి, కాగితాల మీద అచ్చు వేయించి, ప్లేటు పక్కన పెడతారు. విందుకి వచ్చినవాళ్లంతా కలిసి పాడతారు. ఆ పాటలో పొగడ్త కంటే ఎగతాళి ఎక్కువ ఉండాలి. ఎవరి గౌరవార్థం పాడుతున్నారో ఆ మనిషి చేసిన తిక్కపనులన్నీ వరసపెట్టి బయటపెడతారు, ఆ మనిషి కూర్చుని నవ్వాలి. ముందుగా ఆ పాట చూడకూడదు. అది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ చూసినవాణ్ణి నేను ఎన్నడూ ఎరగను.

మేం పనిచేసిన సినిమా స్టూడియోలో ఇలాంటి పాటలన్నీ గుడ్రునే రాసేది. ఆవిడకి నా బతుకంతా తెలుసు. నా అక్షరదోషాలు, నేను అప్పట్లో తాగిన పొగాకు పైపు, ఆడని సినిమా మొదటి ఆట రోజు నేను బాత్రూములో తలుపేసుకుని కూర్చోవడం, అన్నీ తెలుసు. అవన్నీ రాసుకోమనండి, నవ్వుతాను. నా భయమంతా అరవై ఒకటో పేజీ గురించి.

ఆ బూట్ల దృశ్యం అందరికీ తెలిసిందే. ‘పడమటి గట్టు’ అనే సినిమా, ఏభై ఏళ్ల కిందటిది. కొడుకు సముద్రంలో పోయిన ఒక జాలరి, వాడి వస్తువులు తీసుకెళ్లడానికి బడికి వస్తాడు. పంతులమ్మ ఆటల బూట్లు తెచ్చి ఇస్తుంది. అతను వాటిని ఒళ్లో పెట్టుకుని లేసులు కట్టబోయి ఆగిపోతాడు. “వీడు ముడి ఎలా వేసుకునేవాడమ్మా?” అని అడుగుతాడు. ఆవిడ వేసి చూపిస్తుంది. అంతే, మూడు మాటల దృశ్యం. సినిమా పాఠాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ దాన్ని బోర్డు మీద రాస్తారట.

అది నేను రాయలేదు.

నేను రాసింది రెండు పేజీల ఉపన్యాసం. ఆ జాలరి బడి మధ్యలో నిలబడి సముద్రాన్ని, దేవుణ్ణి, ప్రభుత్వాన్ని కలిపి తిట్టేవాడు. అప్పుడు నాకు ముప్పై ఒకటి, అది మహా గొప్పగా ఉందనుకున్నాను. చేతిరాతలో గుడ్రున్‌కి ఇచ్చాను. ఆమెకి పాతికేళ్లు, పడమటి తీరంనుంచి వచ్చిన పిల్ల, హీటరు సరిగా పనిచెయ్యని గదిలో చేతులకి వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకుని టైపు చేసేది. టైపు అయి వచ్చిన కట్టలో అరవై ఒకటో పేజీలో నా ఉపన్యాసం లేదు. బూట్లు ఉన్నాయి.

చదివాను. మళ్లీ చదివాను. కోపం రావాలి కదా, రాలేదు. అది నాకు చేతకానిదని ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆమె గదికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ‘ఇది నువ్వు రాశావా’ అని అడిగితే సరిపోయేది. అడిగితే ఆమె అవునంటుంది, అవునంటే నేను ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

“అరవై ఒకటో పేజీ చూశాను. తప్పుల్లేవు,” అన్నాను.

“చూసే కొట్టానండి,” అంది.

అంతే. ఆ పేజీ అలాగే షూటింగుకి వెళ్లింది.

ఇంతటితో అయిపోయినా సిగ్గు కొంత తక్కువ ఉండేదేమో. మొదటి ఆటకి గుడ్రున్ వాళ్ల నాన్న ఊరినుంచి వచ్చాడు. బొగ్గురంగు సూటు, మెడ దగ్గర బిగుసుకుపోయిన కాలరు. సినిమా అయ్యాక మనుషుల్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి గట్టిగా, పలకలా ఉంది.

“మావాడి సంగతి మీకెవరు చెప్పారు?” అన్నాడు.

గుడ్రున్ ఆయన పక్కనే ఉంది. ఆమెకి ఒక తమ్ముడు ఉండేవాడని, పదకొండేళ్లప్పుడు పడవతోబాటు మునిగిపోయాడని ఆ నిమిషం వరకూ నాకు తెలీదు.

“ఎవరూ చెప్పలేదండి. ఊహించి రాశాను,” అన్నాను.

ఆయన నా చెయ్యి వదలకుండా చాలాసేపు ఊపాడు. గుడ్రున్ నేలవైపు చూస్తూ ఉంది. ఆ తరవాత ఆమె ఇంకో తొమ్మిదేళ్లు నా స్క్రిప్టులు టైపు చేసింది. ఈ మధ్యలో దేశమంతా ‘మీరు’లు మానేసి ‘నువ్వు’ల్లోకి దిగింది, మేమూ దిగాం. ఆ పేజీ గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇంటర్వ్యూల్లో ఆ దృశ్యం ఎలా తట్టిందని అడిగినప్పుడు నేను కిటికీవైపు చూసి కాసేపు ఆగేవాణ్ణి. ఆ ఆగడాన్ని వాళ్లు లోతు అనుకునేవాళ్లు.

ఇప్పుడు గుడ్రున్ పాట రాస్తోంది. ఎనభై మంది రచయితల ముందు, పత్రికలవాళ్ల ముందు, నా చేతిలో ఇత్తడి పెన్సిల్ పెట్టిన పది నిమిషాలకి ఆ ఎనభై మందీ గొంతెత్తి నా దొంగతనం పాడతారు. నాకు అదే కనిపించింది.

మర్నాడు పొద్దున్నే బేకరీలో కేకు కొనుక్కుని, బస్సెక్కి ఊరికి ఆ కొసనున్న వాన్‌లూసెలో ఆవిడ ఇంటికి వెళ్లాను.

“టోర్కిల్! నువ్వు రాకూడదు కదా ఇక్కడికి,” అని తలుపు తీస్తూనే నవ్వింది. “ఆ విబెకె నోట్లో నువ్వుగింజ నానదు. పదిసార్లు చెప్పా, వాడికి చెప్పకమ్మా అని.”

“ఊరికే చూసిపోదామని వచ్చాను.”

“పన్నెండేళ్ల తరవాతా? సర్లే, కూర్చో. కేకు తెచ్చావు కాబట్టి రానిస్తున్నా.”

వంటింటి బల్లమీద పాత టైపు యంత్రం ఉంది. దాని పక్కన చక్కెర గిన్నె కింద ఒక కాగితం బోర్లా పెట్టి ఉంది. ఆవిడ నా చూపు కనిపెట్టి గిన్నెని ఇంకొంచెం కాగితం మధ్యకి జరిపింది. కాఫీ పోసింది. మోకాళ్ల నెప్పుల గురించి, పోయినవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఇంతలో పక్కింటావిడ తలుపు కొట్టింది, కింద బట్టలుతికే గది తాళంచెవి కావాలట. గుడ్రున్ లేచి వెళ్లింది.

నాకు ఎనభై ఒక్కేళ్లు. చక్కెర గిన్నె పక్కకి జరిపి కాగితం తిప్పాను.

ఏడు చరణాలు, అంకెలు వేసి ఉన్నాయి. జేబులోంచి కళ్లజోడు తీసేంత సమయం లేదు. ఆరో చరణం మొదటి పాదం మీద నా చూపు ఆగింది. ‘అరవై ఒకటో పేజీ కొట్టిందొక అమ్మాయి.’ మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. కాగితం మళ్లీ బోర్లించాను, గిన్నె మాత్రం సరైన చోట పెట్టలేకపోయాను.

ఆవిడ వచ్చి కూర్చుంది. గిన్నె వైపు చూసింది.

“చూశావన్నమాట.”

“ఆరో చరణం తీసెయ్యి గుడ్రున్.”

“ఎందుకు, బాలేదా?”

“బాగుండడం కాదు. అందరి ముందూ అది... ఈ వయసులో నా పరువు... నీకు చెప్పాలా? అది బయటికి రాకూడదు.”

“ఏది రాకూడదు?”

“నీకు తెలుసు ఏదో.”

ఆవిడ థర్మాస్ మూత బిగించింది. అప్పటికే బిగించి ఉన్న మూతని మళ్లీ బిగించింది.

“ఎన్నాళ్లనుంచి ఉంది నీకీ భయం?” అంది.

“మొదట్నుంచీ.”

“నాన్న నీ చెయ్యి పట్టుకున్నప్పుడు కూడానా?”

నేను కేకు వైపు చూశాను. ఆవిడ నా ముఖంలోకి చూసి తల ఊపింది, ఏదో లెక్క తేలినట్టు.

“సరే. మీరన్నట్టే తీసేస్తాను,” అంది.

ఆ ‘మీరు’ నాకు వినపడింది. వినపడనట్టు కూర్చున్నాను. పైగా ప్లేట్లో ఉన్న కేకు ముక్క మొత్తం తిన్నాను. అది తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుతో చచ్చిపోతాను.

విందు మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. కిటికీలు తెరిచి ఉన్నాయి. హెర్రింగు చేప, నల్ల రొట్టె, చిన్న గ్లాసుల్లో స్నాప్స్ అనే ఘాటు సారా. మెట్లెక్కి వచ్చాను, ఆయాసపడలేదు, దానిక్కూడా కొందరు చప్పట్లు కొట్టారు. గుడ్రున్ చివరి బల్ల దగ్గర నీలంరంగు పొట్టికోటు వేసుకుని కూర్చుంది. నేను చెయ్యి ఊపితే తనూ ఊపింది. మర్యాదగా ఊపింది.

విబెకె మాట్లాడింది, నా చేతికి పెన్సిల్ ఇచ్చింది. అది నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. తరవాత గోడమీద తెర దించి ఆ బూట్ల దృశ్యం వేశారు. నా పక్కన కూర్చున్న కుర్రరచయిత్రి ముక్కు ఎగపీల్చింది. నేను రొట్టె తుంపుతూ బల్లగుడ్డ చూస్తున్నాను.

ఆ తరవాత పాట. అందరూ ప్లేటు పక్కనున్న కాగితాలు విప్పారు. పియానో మీద వరస మొదలైంది, ఎనభై గొంతులు అందుకున్నాయి. నా అక్షరదోషాల మీద ఒక చరణం, నవ్వులు. పైపుతో చొక్కా తగలబెట్టుకున్నదాని మీద ఇంకోటి. నేను కారు ఎక్కడ పెట్టానో మరిచిపోయి పోలీసులకి ఫిర్యాదు చేసిన సంగతి. బాత్రూము సంగతి అయిదో చరణంలో వచ్చింది, అప్పుడు హాలు మొత్తం బల్లలు చరిచింది. నిజం చెప్పాలంటే చాలా బాగా రాసింది. ప్రతి చరణం చివరి పాదంలో ఎగతాళి కాస్త మెత్తబడి ప్రేమలోకి దిగుతుంది, అది ఎలా చేసేదో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

అయిదు తరవాత పాట తడబడింది. కొందరు పాడటం ఆపేశారు. కాగితం మీద అయిదు తరవాత ఏడు ఉంది.

“ఆరేదీ?” అని ఎవరో అరిచారు.

మా హాస్యరచయిత ప్రెబెన్ లేచి నిలబడ్డాడు. వాడు ఏ విందులోనైనా లేచి నిలబడతాడు.

“ఏముంది, టైపు కొట్టినమ్మాయి కునుకు తీసుంటుంది,” అన్నాడు.

హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానని నా చెవులకే తెలిసింది. చివరి బల్ల దగ్గర గుడ్రున్ నవ్వుతూనే ఉంది, ఆ నవ్వు ఎటూ కదలకుండా అలాగే ముఖం మీద ఉంది. తరవాత ఏడో చరణం పాడారు, గ్లాసులెత్తారు, మూడుసార్లు మూడు చొప్పున హుర్రే కొట్టారు.

ఇక నేను లేచి కృతజ్ఞతలు చెప్పాలి. కాగితం మీద రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే వదిలేశాను. అప్పటికి నాకు ఒకటే ఉంది మనసులో, చెప్పెయ్యాలి. ‘ఆ దృశ్యం గుడ్రున్ రాసింది’ అంటే నాలుగు మాటలు. ఒక బడిపిల్లవాడు అనగలడు.

లేచాను. ఆవిడ వైపు చూశాను.

“ఆ బూట్ల దృశ్యం... ఆ చివర కూర్చున్న గుడ్రున్ లేకపోతే ఉండేది కాదు,” అన్నాను.

నా నోటినుంచి వచ్చింది అది. ఏభై ఏళ్లు మాటలు పేర్చి బతికినవాణ్ణి, ఏ మాట ఎంతవరకు వెళ్తుందో నాకు తెలుసు. ఒప్పుకున్నట్టే ఉండి ఏమీ ఒప్పుకోని వాక్యం అది. కావాలని కట్టలేదు, అలవాటుగా వచ్చింది, అదే ఇంకా సిగ్గు. దాన్ని సరిదిద్దడానికి నోరు తెరిచేలోపే చప్పట్లు మొదలయ్యాయి. “చూశారా, ఎంత పెద్దమనసో,” అంది విబెకె. టైపిస్టుని గుర్తుపెట్టుకునే రచయిత ఈ రోజుల్లో ఎక్కడున్నాడని నా పక్కనున్న పిల్ల కళ్లు తుడుచుకుంది. ఎవరో గుడ్రున్‌ని బలవంతంగా లేపి నిలబెట్టారు, బల్లమీది పూలగుత్తి తీసి చేతిలో పెట్టారు. ఆవిడ అటూ ఇటూ తల వంచి కూర్చుంది. జనం కూడా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నేను చెప్పబోయిన మాట కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

కింద కోట్లు తగిలించే గదిలో ఆవిణ్ణి పట్టుకోగలిగాను. మెట్లు గబగబా దిగాను, అప్పుడు మాత్రం ఆయాసం వచ్చింది. ఆవిడ ఒక్కతే ఉంది, ఆ పూలు కిటికీ గట్టుమీద పెట్టి కోటు వెతుక్కుంటోంది.

“గుడ్రున్. ఆరో చరణంలో ఏముంది?”

“చూశారు కదా.”

“మొదటి పాదమే చూశాను.”

ఆవిడ కోటు వెతకడం ఆపింది.

“ఒక్క పాదమా? ఒక్క పాదం చూసి తీయించారా?”

అవునన్నాను. ఆవిడ చేతిసంచీ తెరిచి, మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె పక్కకి నెట్టి, నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. టైపు చేసిన నాలుగు పాదాలు.

అరవై ఒకటో పేజీ కొట్టిందొక అమ్మాయి,
వేళ్లు కొంకర్లు పోయే చలిగదిలో కూర్చుని.
తప్పుల్లేవని ఒక్కమాట అన్నాడు టోర్కిల్,
పాడుకుంటూ పోయింది సైకిల్ మీద ఇంటికి.

రెండుసార్లు చదివాను. అందులో నా దొంగతనం లేదు. ఆ హాల్లో ఎవరు పాడినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పాటంతా నా గురించే, ఆ ఒక్క చరణంలోనే తను ఉంది. దాన్నే నేను తీయించాను.

“మీరు రాసినవి కొట్టిస్తే పేజీకి పది తప్పులు పట్టేవారు,” అంది. “ఆ పేజీకి మాత్రం గదిదాకా వచ్చి చెప్పారు. అది నాదని మీకు తెలిసింది, తెలిసిందని అలా నాకు చెప్పారు, చాలనుకున్నాను. మా నాన్నతో ఊహించి రాశానన్నప్పుడు కూడా నన్ను కాపాడ్డానికే అనుకున్నా. ఇంట్లో తమ్ముడి పేరెత్తితే నాన్న లేచి వెళ్లిపోయేవాడు. నేను చెప్పానని తెలిస్తే ఊరుకునేవాడు కాదు.”

“గుడ్రున్...”

“ఇన్నేళ్లూ అది మనిద్దరి రహస్యం అనుకున్నానండి నేను. మీరేమో దొంగసొత్తు అనుకున్నారన్నమాట.”

కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. కోటు దొరికింది. ఒక చెయ్యి దూర్చింది, రెండోది దూర్చడానికి ఇబ్బంది పడుతుంటే సాయం చేయబోయాను. ఒద్దన్నట్టు భుజం తిప్పుకుంది.

ఏదో ఒకటి అనాలి. పైన ఎనభై మంది నా మాటలకి బహుమతి ఇచ్చారు, అది నా కోటు జేబులో బరువుగా వేలాడుతోంది. చేతిలో ఆ కాగితం ఉంది. ఎంత వెతికినా నా దగ్గర ఉన్నది ఒక్క మాటే.

“తప్పుల్లేవు గుడ్రున్,” అన్నాను.

ఆవిడ గుండీలు పెట్టుకోవడం పూర్తి చేసింది, చివరి గుండీ దాకా.

“ఉండవు,” అంది. “నా పేజీల్లో ఎప్పుడూ లేవు.”

తలుపు తీసుకుని బస్‌స్టాప్ వైపు వెళ్లిపోయింది. పూలు కిటికీ గట్టుమీదే వదిలేసింది. పైనుంచి ప్రెబెన్ నా పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఫోటో తీయాలి రమ్మని.